పదకృత్యము లేని పదములు – నేటి తెలుగు వచనమున అతిప్రయోగ విచారము

పాఠశాలలో తర్కసంగ్రహము ఆరంభించిన బాలునికి గురువు మొదట అలవాటు చేయించునది పదకృత్యము. లక్షణవాక్యమునందలి ఒక్కొక్క పదమును తీసి, 'ఇది లేకున్న ఏ దోషము వచ్చును?' అని ప్రశ్నించుటయే పదకృత్యము. రూపము లేక స్పర్శ గలది వాయువని లక్షణము. 'స్పర్శ గలది' అని మాత్రమే చెప్పినచో ఆ లక్షణము పృథివికిని, జలమునకును, తేజస్సునకును గూడ పోవును. 'రూపము లేనిది' అని మాత్రమే చెప్పినచో ఆకాశాదులకు పోవును. రెండు పదములును ఉన్నప్పుడే వాయువు ఒక్కటి మిగులును. ప్రతి పదమునకును చేయవలసిన పని యొకటి కలదు. ఆ పని చేయని పదమును శాస్త్రకారుడు వాక్యమున నిలువనీయడు. అర్ధమాత్ర తగ్గినను వైయాకరణులు పుత్రోత్సవము జరిగినట్లు సంతోషింతురను ప్రసిద్ధి కూడ ఈ దృష్టి నుండి పుట్టినదే.

విశేషణమునకు వ్యావర్తకత్వము ప్రయోజనమని చెప్పుటకును ఇదియే మూలము. 'నల్లకలువ' అన్నప్పుడు 'నల్ల' అను మాట తెల్లకలువలను, ఎఱ్ఱకలువలను తొలగించుచున్నది. 'చల్లని నిప్పు' అన్నచో సంభవము లేదు. 'వేడి నిప్పు' అన్నచో వ్యభిచారము లేదు, వేడి కాని నిప్పు ఎక్కడను లేదు గనుక. సంభవ వ్యభిచారములు రెండును ఉన్నచోటనే విశేషణము సార్థకమగునని పూర్వులు నిర్ణయించిరి.

ఈ చిన్న సూత్రమును చేతబట్టుకొని నేటి తెలుగు వచనమును, ముఖ్యముగా సన్మానపత్రములను, సంతాపతీర్మానములను, సిద్ధాంతవ్యాసముల పీఠికలను, సంస్థల వార్షిక నివేదికలను చదివినచో ఒక విషయము స్పష్టమగును. 'బహుముఖ ప్రజ్ఞాశాలి', 'పరిచయము అక్కఱలేని వ్యక్తి', 'అహర్నిశలు శ్రమించి', 'అకుంఠిత దీక్షతో', 'కీలకపాత్ర పోషించి', 'న భూతో న భవిష్యతి', 'అనుటలో అతిశయోక్తి లేదు', 'చరిత్రలో సువర్ణాక్షరములతో లిఖింపదగిన', 'తీరని లోటు' – ఈ మాటలు లేని పత్రము అరుదు. వీనిని విని విసుగు చెందువారును అరుదు కారు. ఈ మాటలు భాష నుండి తొలగిపోయిన బాగుండునని పలువురు అనుచుందురు. అయితే విసుగు శాస్త్రీయమైన హేతువు కాదు. ఒక మాట పలుమాఱులు వినబడుచున్నదని దానిని నిందింపవచ్చునా, నిందింపదగినది వేఱొకటి యున్నదా అనునది విచారణీయము.

పునరావృత్తి స్వయముగా దోషమా?

పూర్వపక్షి ఇట్లనును: పునరావృత్తి లేని వాఙ్మయము ఎక్కడ ఉన్నది? శ్రుతి స్మృతులును, కావ్యములును చెప్పిన మాటనే మరల చెప్పుచున్నవి గదా. ఈ ఆక్షేపమును త్రోసివేయుట తగదు. పునరావృత్తిలో నిర్దోషములైన భేదములు కలవు. వానిని ముందుగా వేఱుచేయవలెను.

మొదటిది సప్రయోజనమైన అభ్యాసము. దర్శపూర్ణమాసములయందు ప్రయాజలను విధించు చోట 'యజతి' అను క్రియ ఐదుమాఱులు వినవచ్చును. ఒకే కర్మను చెప్పుటకు ఐదుమాఱులు అక్కఱలేదు. వేదవాక్యము వ్యర్థము కాదు. కావున ఆ అభ్యాసము ఐదు వేఱు వేఱు కర్మలను బోధించుచున్నదని జైమిని రెండవ అధ్యాయమున మీమాంసకులు నిర్ణయించిరి. పునరావృత్తిని చూడగానే వారు దానికి పనిని వెదకిరి గాని, అది అట్లే ఉండునులే అని విడిచిపెట్టలేదు. వేదాంతులు తాత్పర్యనిర్ణయమునకు చెప్పిన ఆఱు లింగములలో అభ్యాసము ఒకటి. ఛాందోగ్యము ఆఱవ అధ్యాయమున మహావాక్యము తొమ్మిదిమాఱులు వచ్చుట దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. అయితే ఆ పట్టికలోనే అభ్యాసమునకు ప్రక్కన అపూర్వత కూడ చెప్పబడినదని మఱవరాదు. శ్వేతకేతువునకు తండ్రి ప్రతిమాఱును క్రొత్త దృష్టాంతము చూపి ఆ మాట చెప్పినాడు. ఒకసారి తేనె, ఒకసారి నదులు, ఒకసారి మఱ్ఱిపండు, ఒకసారి నీటిలోని ఉప్పు. మాట అదియే, దానిని చేరు త్రోవ ప్రతిమాఱును వేఱు.

రెండవది అనువాదము. న్యాయదర్శనమున పునరుక్తము నిగ్రహస్థానములలో ఒకటి. వాదమున చెప్పినదే చెప్పినవాడు ఓడిపోయినట్లే. అయినను అనువాదమునకు ఈ దోషము లేదని గౌతముడే మినహాయించినాడు. 'త్వరగా, త్వరగా నడువుము' అన్నప్పుడు రెండవ 'త్వరగా' వ్యర్థము కాదు, వేగాతిశయమును చెప్పుచున్నది. పాణిని ఎనిమిదవ అధ్యాయమున ద్విర్వచనమునకు చెప్పిన నిత్యత్వము, వీప్స మొదలైన అర్థములును, తెలుగున చిన్నయసూరి ఆమ్రేడితమునకు చెప్పిన సంధి కార్యములును ఈ కోవలోనివే. 'ఊరూరు', 'ఇంటింట' అనువానిలో పునరుక్తి లేదు.

మూడవది పూరణము. యాస్కుడు కమ్, ఈమ్, ఇత్, ఉ అను నిపాతములు ఛందోబద్ధమైన గ్రంథములలో పాదపూరణమునకును, గద్యమున వాక్యపూరణమునకును వచ్చునని చెప్పినాడు. అమరసింహుడును తు, హి, చ, స్మ, హ, వై అనువానిని పాదపూరణములుగ పేర్కొనెను. ఇవి తమకు అర్థము కలదని చెప్పుకొనవు. ఊపిరి తీసికొను చోటువలె వాక్యమున నిలుచును. సంభాషణయందలి 'మఱి', 'అయితే', 'ఏమనగా' అనువానిని ఇట్లే క్షమింపవచ్చును.

నాల్గవది కవిసమయము. చకోరము వెన్నెల త్రావుట, యశస్సు తెల్లగా నుండుట మొదలైనవి కవులందఱు వాడినవే. రాజశేఖరుడు కావ్యమీమాంసలో వీనికి ప్రత్యేకముగ అధ్యాయములు కేటాయించెను. ఇవి కవికిని సహృదయునకును మధ్య గల ఒడంబడిక. చకోరము నిజముగ వెన్నెల త్రావునా అని సహృదయుడు అడుగడు. త్రావునని కవియు ప్రమాణము చేయడు.

రూఢియైన మాటకు నింద లేదు

ఇక ఐదవది, అన్నింటికంటె ముఖ్యమైనది రూఢి. లక్షణకు ముఖ్యార్థబాధ, తద్యోగము, రూఢిగాని ప్రయోజనముగాని హేతువులని మమ్మటుడు చెప్పినాడు. రూఢికి ఆయన ఇచ్చిన ఉదాహరణము కుశలశబ్దము. దర్భలను గ్రహించువాడు కుశలుడు. దర్భ అంచు చేతిని కోయును గనుక దానిని తెచ్చుటకు నేర్పు కావలెను. ఆ నేర్పును బట్టి నిపుణునకు ఆ పేరు వచ్చినది. ప్రవీణశబ్దమునకును వీణతో ఇట్టి సంబంధమునే చెప్పుదురు. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు కుశలశబ్దమును లక్షణకు ఉదాహరణముగ ఒప్పుకొనలేదు. వ్యుత్పత్తికి నిమిత్తము వేఱు, ప్రవృత్తికి నిమిత్తము వేఱు గనుక నిపుణుడనునదియే దాని ముఖ్యార్థమని ఆయన పక్షము. వారిలో ఎవరి మాట గ్రహించినను ఒక అంశము నిశ్చయము. 'కుశలుడు' అన్నప్పుడు నేడు ఎవరికిని దర్భలు తోపవు, తోపవలెనని వక్తయు కోరడు. ఆ మాట అరిగి, అరిగి, నునుపై, క్రొత్త అర్థమున కుదురుకొన్నది.

తెలుగున 'కీర్తిశేషుడు' ఇట్టిదే. కీర్తి మాత్రమే మిగిలినవాడని విగ్రహము. ఇప్పుడు అది మరణించినవాడను అర్థమున రూఢము. మరణించిన వానికి నిజముగ కీర్తి కలదా అని ఎవరును విచారింపరు. ఈ మాట ఎన్నిమాఱులు వచ్చినను బాధ లేదు. ఏలయన అది ఇప్పుడు విశేషమును చెప్పుచున్నట్లు నటించుట లేదు.

దోషము ఎక్కడ ఉన్నదో దీనివలన తెలియుచున్నది. రూఢిగ మాఱిన మాట ప్రయోజనమును పూర్తిగ విడిచినది. బ్రతికియున్న లక్షణ ప్రయోజనమును ఇచ్చుచున్నది. ఈ రెంటికిని నడుమ ఒక జాతి కలదు. ఆ మాటలు ప్రయోజనమును ఇయ్యవు, ఇచ్చుచున్నట్లు మాత్రము గంభీరముగ నిలుచుండును. రూఢి యనుటకు వీలులేదు, అవి ఇంకను స్తుతినో శోకమునో చెప్పుచున్నవని వక్త నమ్మించుచున్నాడు గనుక. లక్షణ యనుటకును వీలులేదు, శ్రోతకు ఏమియు స్ఫురించుట లేదు గనుక. తొలగిపోవలెనని జనులు కోరుచున్న మాటలు ఈ నడిమి జాతికి చెందినవే.

ఆ మాటల పదకృత్యము

'పరిచయము అక్కఱలేని వ్యక్తి' అని ఆరంభించి పావుగంట సేపు పరిచయము చేయుట సభలలో నిత్యము కనబడునది. ఇది ఆలంకారికులు వ్యాహతమని చెప్పిన అర్థదోషము. వక్త తన మొదటి వాక్యమును తానే ఖండించుకొనుచున్నాడు.

'అనుటలో అతిశయోక్తి లేదు' అనుదానిని తీసికొందము. ప్రసక్తమైన దానికే ప్రతిషేధము చెప్పవలెనని న్యాయము. అతిశయోక్తి అను శంకకు ప్రసక్తి లేకున్నచో నిషేధించుట ఏల? నిషేధించుటవలననే ఆ శంక వక్త మనస్సున ముందే యున్నదని వెల్లడియగుచున్నది. పైగా అతిశయోక్తి నేరము కాదు. భామహుడు అలంకారములకన్నింటికిని ప్రాణమైన వక్రోక్తిని దానియందే చూచినాడు. మంచి అతిశయోక్తి చెప్పగలిగినవాడు చెప్పవచ్చును. చెప్పలేనివాడు యథార్థమును చెప్పవచ్చును. రెండును చేయక, చేయుట లేదని చాటుట మాత్రము వ్యర్థము.

'అశేష ప్రజానీకము' అన్నప్పుడు శేషము లేనిదని అర్థము. ఇంటియొద్ద ఒక్కడును మిగులకుండ అందఱును వచ్చిరన్నమాట. ఇన్నూఱుమంది వచ్చిన సభకు ఆ మాట వాడినచో, నిజముగ ఊరంతయు కదలివచ్చిన నాడు చెప్పుటకు మాట మిగులదు. 'న భూతో న భవిష్యతి' అనువాడు భూతమును గూర్చి చెప్పుట కొంత సాధ్యమే. భవిష్యత్తును గూర్చి నిర్ణయించుటకు యోగిప్రత్యక్షము కావలెను. ఆ ప్రమాణము కలదని వార్షికోత్సవ నివేదిక వ్రాసిన కార్యదర్శి చెప్పజాలడు.

శుభలేఖలలోని 'సకుటుంబ సపరివార సమేతముగా' అనుదానియందు సహార్థము మూడుమాఱులు వచ్చినది. 'సకుటుంబ' శబ్దమునందలి 'స'కారము సహశబ్దమునకు ఆదేశము. 'సపరివార' యందును అంతే. 'సమేత' యనునదియు ఆ అర్థమునే చెప్పును. 'సవినయపూర్వకముగా' అనునదియు ఇట్టిదే. 'సవినయముగా' అనవచ్చును, 'వినయపూర్వకముగా' అనవచ్చును, రెండును కలిపినచో వినయము పెరుగదు. 'తిరిగి పునరుద్ధరించుట' యందు 'పునః' అనుదానికి పని లేకపోయినది.

దీనికి ఒక సమాధానము చెప్పవచ్చును. అవతంసమనగా కర్ణాభరణమే అయినను కవులు 'కర్ణావతంసము' అనుచున్నారు గదా? నిజమే. ఆభరణము పెట్టెలో గాక చెవియందే ఉన్నదని తెలుపుటకు అక్కడ కర్ణశబ్దము వచ్చినదని మమ్మటుడు సమర్థించెను. కాని ఆ వెంటనే, ఈ సమర్థనము పూర్వ మహాకవి ప్రయోగములయందు స్థిరపడిన వానికే గాని క్రొత్తగ కల్పించుకొనుటకు కాదని కట్టడి చేసెను. శుభలేఖలోని మాట గృహస్థుల వాడుకలో స్థిరపడినది గనుక దానిని ఆప్యాయతకు గుర్తుగ విడిచిపెట్టవచ్చును. ఆ పేరు చెప్పి పరిశోధకుడు తన పీఠికలో అట్టివానిని క్రొత్తగ పుట్టించుట తగదు.

'నేపథ్యము' అను మాట చరిత్ర మఱింత విచారణీయము. సంస్కృతమున నేపథ్యమనగా వేషము, అలంకరణము, నటులు వేషము వేసికొను చోటు. శాకుంతల ప్రస్తావనలో సూత్రధారుడు నేపథ్యవిధానము ముగిసినచో రమ్మని నటిని పిలుచును. తెఱవెనుక నుండి వినవచ్చు మాటకు 'నేపథ్యే' అని సూచన వ్రాయుట నాటకములలో పరిపాటి. అచ్చట నుండి చలనచిత్రములకు వచ్చి 'నేపథ్యగానము', 'నేపథ్య సంగీతము' అయినది. ఇది సముచితమైన విస్తారమే. నేడు ఆ మాట 'వర్షముల నేపథ్యమున సెలవు', 'ఎన్నికల నేపథ్యమున సమావేశము', 'గ్రామీణ నేపథ్యము గల కవి', 'కఱవు నేపథ్యమున వ్రాసిన నవల' అని నాలుగు దిక్కులకు పోయినది. మొదటి దానియందు హేతువు, రెండవ దానియందు కాలము, మూడవ దానియందు జన్మస్థానము, నాల్గవ దానియందు కథావస్తువు అర్థమగుచున్నవి. సెలవు వర్షములవలన ఇచ్చిరా, వర్షములు కురియుచున్న దినములలో వేఱు కారణమున ఇచ్చిరా అని తేల్చుకొనవలసిన పని వ్రాయువానిది. తృతీయయో సప్తమియో ఎన్నుకొనవలసిన చోట, ఎన్నుకొనకుండ తప్పించుకొనుటకు ఈ మాట సాధనమైనది. వార్తాపత్రికయందు దీనివలన నష్టము స్వల్పము. సిద్ధాంతవ్యాసమున, 'శైవోద్యమ నేపథ్యమున ఈ కావ్యము వెలువడినది' అన్నప్పుడు, ఉద్యమము కావ్యమునకు హేతువా, సమకాలికమా అను ప్రశ్నయే పరిశోధనకు విషయము. ఆ విషయమే మాటక్రింద మఱుగుపడుచున్నది.

కర్త లేని వాక్యము

నివేదికలలో 'చేయుట జరిగినది' అను వాక్యరచన నేడు పదములకంటె మిక్కిలి వ్యాపించినది. 'సభను నిర్వహించుట జరిగినది', 'తీర్మానమును ఆమోదించుట జరిగినది', 'గ్రంథములను కొనుట జరిగినది'. 'నిర్వహించితిమి', 'ఆమోదించిరి', 'కొనిరి' అన్నచో అర్థమునకు లోపము రాదు, వాక్యము కుదియును. సంస్కృతమున కర్మణిప్రయోగము, భావేప్రయోగము ఉన్నవి గదా అని కొందఱు దీనిని సమర్థింతురు. ఆ పోలిక నిలువదు. అచ్చట తిఙ్ప్రత్యయము కర్తను చెప్పనప్పుడు కర్తకు తృతీయ వచ్చును. కర్త మాఱుమూలకు పోవును గాని మాయముగాడు. 'జరుగు' ధాతువు అకర్మకము. 'చేయుట' అను భావార్థకము దానికి కర్త. చేసినవానికి ఆ వాక్యమున సహజమైన చోటు లేదు.

ఇది శైలికి మాత్రమే సంబంధించినది కాదు. ఒక గ్రంథాలయ నివేదికలో 'తాళపత్రములలో కొన్ని శిథిలమగుట జరిగినది, కొన్ని కనబడకపోవుట జరిగినది' అని వ్రాసినచో, వానిని కాపాడవలసినవారెవరు, ఎరువు తీసికొనిపోయినవారెవరు, నిమ్మగడ్డినూనె పూయక విడిచినదెవరు అను ప్రశ్నలకు వాక్యములో తావు లేదు. వర్షము కురిసినట్లు నష్టము దానంతట అది జరిగినది. కర్తను చెప్పని భాష అలవాటైన చోట కర్తవ్యమును గూర్చిన విచారము కూడ క్రమముగ తగ్గును.

అర్థము ఎట్లు పోవుచున్నది?

మాటకు అర్థము ఎట్లు తెలియునో విచారించినచో అతిప్రయోగమున అది ఎట్లు పోవునో తెలియును. శక్తిగ్రహమునకు వ్యాకరణము, ఉపమానము, కోశము మొదలైన ఉపాయములు ఎన్ని చెప్పినను వృద్ధవ్యవహారము వానిలో ముఖ్యము. పెద్దవాడు 'ఆవును తెమ్ము' అనును, రెండవవాడు తెచ్చును. ప్రక్కనున్న బాలుడు చూచును. తరువాత 'ఆవును కట్టుము', 'గుఱ్ఱమును తెమ్ము' అని వినును. ఒక పదము తీసి మఱియొకటి చేర్చిన కొలది జరుగు పని మాఱుచున్నది గనుక ఏ పదమునకు ఏది అర్థమో వేఱుపఱచుకొనును. ఆవాపోద్వాపములని దీనికి పేరు.

ఇప్పుడు ఆ బాలుని సన్మానసభలకు మాత్రమే తీసికొనిపోయినారనుకొందము. కవి వచ్చినను 'బహుముఖ ప్రజ్ఞాశాలి' అనిరి. వర్తకుడు వచ్చినను అనిరి. పదవీవిరమణ చేయుచున్న గుమాస్తా వచ్చినను అనిరి. మనుష్యుడు మాఱుచున్నాడు, మాట మాఱుట లేదు. ఆ మాటకు 'వేదికమీద పూలదండతో కూర్చున్నవాడు' అను అర్థముకంటె వేఱొకదానిని బాలుడు గ్రహింపలేడు. తార్కికుల పరిభాషలో చెప్పవలెనన్నచో ఆ విశేషణము కేవలాన్వయియైనది. ప్రమేయత్వమువలె అంతట ఉన్నది గనుక దేనిని దేనినుండియు వేఱుచేయదు. వాడుకలో మాట చచ్చుటయనగా ఇదియే. అది నిఘంటువునుండి పోదు, వ్యావర్తకత్వము మాత్రము పోవును.

దీనివలన ఎవరికి నష్టము? అర్హత లేనివానికి నష్టము లేదు. వానికి ఊరక వచ్చిన పొగడ్త లాభమే. నష్టము అర్హునకు. ఒక పాఠశాలయందు ముప్పది నలువది సంవత్సరములు శబ్దేందుశేఖరమునో గాదాధరినో పంక్తిపంక్తికి పాఠము చెప్పిన అధ్యాపకుడు గతించెననుకొందము. ఆ గ్రంథమును అచ్చు పుస్తకము చూచి చదువుకొనుట వేఱు, ఏ పంక్తియందు ఏ శంక పుట్టునో, దానికి గురువుగారి గురువుగారు ఏమి చెప్పిరో ఎఱిగినవాని ముఖతః వినుట వేఱు. ఆయన తరువాత ఆ పాఠము చెప్పగలవారు ఆ పాఠశాలలో లేకపోయినచో, అది అక్షరాల తీరని లోటు. పుస్తకము కొన్నను తీరదు, ఉద్యోగమును భర్తీచేసినను తీరదు. అయితే సంతాపసభలో 'ఆయన మరణము సాహిత్యలోకమునకు తీరని లోటు' అన్నప్పుడు ఎవరును ఉలికిపడరు. ముందటి వారము మఱియొకరి సభలో విన్న వాక్యము అదియే గదా. నిజమైన లోటును చెప్పుటకు దాచియుంచవలసిన మాట అప్పటికే వ్యయమైపోయినది. శ్రోతలు నిముసము మౌనము పాటించి లేచిపోవుదురు. ఆ పరంపర తెగినదని ఎవరికిని తోపదు. అతిప్రయోగమును గూర్చి విసుగుకంటె పెద్దమాట చెప్పవలసి వచ్చినది ఇందువలననే.

స్తుతికి విధితో సంబంధము

స్తుతిని మానవలెనని దీని తాత్పర్యము కాదు. అర్థవాదములకు విధులతో ఏకవాక్యత చేతనే ప్రామాణ్యమని మీమాంసాశాస్త్రము. వాయుదేవతను స్తుతించిన వాక్యము ఆ దేవతకు చేయవలసిన కర్మయందు పురుషుని ప్రవర్తింపజేయును గనుక సార్థకమైనది. ఏ విధితోను కలియని స్తుతి నిష్ప్రయోజనము. సంతాపతీర్మానమునకును ఈ మర్యాదనే వర్తింపజేయవచ్చును. గతించిన పండితుడు ఏ గ్రంథములను ఆమూలాగ్రముగ పాఠము చెప్పెను, ఎవరియొద్ద చదివెను, ఆయన పుస్తకముల అంచులలో వ్రాసికొన్న వ్యాఖ్యలు ఎక్కడ ఉన్నవి, శిష్యులలో ఆ పాఠమును కొనసాగింపగలవారెవరు – ఈ నాలుగు విషయములు చెప్పి, వానిని భద్రపఱచుటకు చేయవలసిన పని యొకటి నిర్ణయించినచో, 'తీరని లోటు' అను మాట లేకున్నను లోటు ఎంతటిదో సభకు తెలియును. ఆ మాట ఉన్నచో, అప్పుడు దానికి పదకృత్యము కలదు.

బోధకులు చేయదగినది

నిషిద్ధపదముల పట్టిక యొకటి వ్రాసి విద్యార్థులకు ఇచ్చుట సులభము గాని దానివలన ఫలము లేదు. 'కీలకము' మానుమన్నచో 'ప్రధానము' వచ్చును, 'నేపథ్యము' మానుమన్నచో 'పరిప్రేక్ష్యము' వచ్చును. పదము మాఱును, అలవాటు మాఱదు. మమ్మటుడు అనవీకృతమను అర్థదోషమునకు వైరాగ్యపరమైన ఒక ప్రసిద్ధ శ్లోకమును ఉదాహరించెను. అందు నాలుగు పాదముల చివరను ఒకే ప్రశ్న వచ్చును. నాలుగు పాదములలోనే నవ్యత కోరిన శాస్త్రము, నాలుగువందల పుటల సిద్ధాంతవ్యాసమున ప్రతి ప్రకరణము 'ఈ నేపథ్యమున' అని ఆరంభించి 'అనుటలో సందేహము లేదు' అని ముగియుటను ఎట్లు సహించును? కాని ఆ దోషమునకు ఆయన చూపిన చికిత్స నిషేధము కాదు. అదే అర్థమును భంగ్యంతరములతో నవీకరించిన శ్లోకమును ప్రక్కన చూపినాడు.

అందువలన పట్టికకు బదులు రెండు పరీక్షలను అలవాటు చేయింపవచ్చును. మొదటిది లోప పరీక్ష: మాటను తీసివేసి వాక్యమును చదువవలెను. అర్థము తగ్గకున్నచో ఆ మాట అపుష్టము. రెండవది పరివృత్తి పరీక్ష: వాక్యమునందలి పేరును మార్చి వేఱొక పేరు పెట్టవలెను. ఒక కవిని గూర్చి వ్రాసిన 'సమాజ చైతన్యమునకు అహర్నిశలు కృషి చేసిన మహాకవి' అను వాక్యమున మఱి పదిమంది కవుల పేర్లు పెట్టినను అట్లే ఒప్పుచున్నచో, ఆ వాక్యము ఆ కవిని గూర్చి ఏమియు చెప్పలేదు. ఒకే సన్మానపత్రమును యంత్రమున నిలువచేసి, పేరును తేదీని మాత్రము మార్చి అచ్చొత్తించుట సులభమైన ఈ దినములలో ఈ రెండవ పరీక్ష మిక్కిలి అవసరము. వ్యాసమును దిద్దు పర్యవేక్షకుడు పుట యంచున 'బాగులేదు' అని వ్రాయుటకంటె 'పదకృత్యము చెప్పుము' అని వ్రాసినచో విద్యార్థి తనంతట తానే ఆలోచించును.

ఈ పరీక్షలు ప్రాచ్యకళాశాలల వారికి క్రొత్తవి కావు. అవచ్ఛేదక ఘటితమైన లక్షణమున ఒక్క పదము అధికమైనను ఒప్పుకొననివారు, ఆ పాఠము ముగించి సభకు పోయి పదకృత్యము లేని పది విశేషణములతో ఉపన్యసించుట విపరీతము. కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి పోయి చేయించుకొనునట్లు, మాట కావలసినవాడు వైయాకరణుని యింటికి పోయి చేయించుకొనడని పతంజలి చెప్పినాడు. మాటలు లోకమున సిద్ధముగనే ఉండును. సిద్ధముగ ఉన్నవి గదా యని చేతికి దొరికినదానినెల్ల వాడుట వేఱు, ఈ వస్తువునకు ఈ మాట అని ఎన్నుకొనుట వేఱు. ఆ ఎన్నికను నేర్పుటకే శాస్త్రము. వాయులక్షణమున రెండు పదములకు పని చూపగలిగిన విద్యార్థి, తన గురువును గూర్చి రెండు వాక్యములు వ్రాయునప్పుడును ప్రతి పదమునకు పని చూపగలిగిననాడు ఆ చదువు సార్థకము.